జముకు ఏ జాతిది?

నాకు నోటి దురుసు ఎక్కువ. వీణ టీచరుగా రిటైరైనా తగ్గలేదు. ద్వారకా నగర్ హాల్లో మీటే వాయిద్యాల ప్రదర్శన పెట్టిన మొదటిరోజే మృదంగం మాస్టారు తాతబాబుతో గొడవ పడ్డాను.

వరుస వేసింది నేనే. ముందు వేటగాడి విల్లు. నారి లాగి వదిలితే మోగుతుందని మనిషికి తెలిసింది అక్కడే అని నా నమ్మకం. తర్వాత సొరబుర్ర కట్టిన విల్లు, ఆపైన మెట్లు లేని పాతకాలపు వీణ, చివర మన వీణ. విల్లు పక్కనే జముకు పెట్టాను. అదొక చెక్క డొల్ల. ఒకవైపు తోలు, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం. డొల్లను చంకలో ఇరికించుకుని, నరాన్ని ఒక చేత్తో లాగిపట్టి రెండో చేత్తో మీటుతారు.

"తోలుంటే డప్పు జాతేనండీ. పుస్తకాల్లోనూ అలాగే ఉంది" అన్నాడు తాతబాబు.

"తగలెయ్యండి మీ పుస్తకాలు! మీటేది తోలునా, నరాన్నా?"

జముకు గంగాలమ్మది. గాజువాక నుంచి ఆటోలో తెచ్చింది. ఆమె భర్త దాలయ్య నలభై ఏళ్లు అమ్మవారి పండగల్లో కథ చెప్పాడు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కానీ ఆమె జముకు మీటితే చాలు, పాట అందుకుంటాడట. రోజూ ఆ కాసేపే ఆమెకు మొగుడి గొంతు వినపడుతోంది.

"ఒక్క రోజేనమ్మా. రేపు ఇచ్చీయాల. వాయించీసాక నరం వదిలీయండి, బిగదీసి ఉంచితే తోలు ఓర్సుకోదు" అంది.

"నాకు చెప్పాలా? ముప్పై ఏళ్లు వీణ నేర్పాను" అన్నాను.

వీణ తీగలు ఎప్పుడూ బిగించే ఉంటాయి. నా బుర్రకు అంతే తెలుసు.

ఆమె వెళ్లాక నరం చచ్చినట్టు వేలాడింది. తాతబాబు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నరాన్ని గట్టిగా లాగి బల్లకున్న మేకుకు కట్టి మీటాను. గుమ్మని మోగింది.

"ఇప్పుడేమంటారు?"

"మీరే గెలిచారు తల్లీ" అన్నాడాయన.

ఆ కట్టు విప్పకుండానే ఇంటికెళ్లాను. పొద్దున్నే వచ్చి చూస్తే తోలు నిలువునా చిరిగి ఉంది. పాతవూళ్లో సితార్లు బాగుచేసే నిసార్‌ను పిలిపించాను. తిప్పితిప్పి చూసి తలూపాడు.

"ఇది నా వల్ల కాదు మేడమ్. దీనికి తోలు మూయడం మీరు చెప్పిన ఆ ముసలాయనకే తెలియాల."

గంగాలమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేనే జముకు పట్టుకుని ఆమెతో గాజువాక వెళ్లాను, దాలయ్యకు నిజం చెప్పేసి క్షమాపణ అడగాలని.

ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. జముకు చూడగానే ముఖం వెలిగింది, పాటకు గొంతు సవరించుకున్నాడు. బాగున్న చేత్తో దాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. వేళ్లు చిరుగులోకి దిగాయి. తలెత్తి భార్యనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

నా నోరు పెగల్లేదు. ఊరందరినీ దులిపేసే నోరు!

"నానేనయ్యా. ఆటోలోంచి దిగతన్నప్పుడు సెయ్యి జారి పడేసినాను" అంది గంగాలమ్మ.

దాలయ్య ఆమెవైపు కాసేపు చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఎంత పిలిచినా ఇటు తిరగలేదు. అప్పటికీ నేను నిజం చెప్పలేదు.