వెలుగు పడిన రీలు

నా నోటి దురద గురించి మా ఆవిడ రోజూ దెప్పుతూనే ఉంటుంది. ఈసారి ఆ దురద నా కొంప వదిలేసి ఇంకొకరి కొంప ముంచింది.

కెమెరాలు బాగుచేసే కొట్టు నాది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ జర్మనీలో, రెండు ప్రపంచయుద్ధాల మధ్య తయారైన మడత కెమెరా తెచ్చింది. లెన్సు వెనక మడతలు మడతలుగా ఉండే తోలు తిత్తి చెక్కుచెదరలేదు. వెనక తలుపుకున్న చిన్న ఎర్ర గాజులోంచి ఆరో నంబరు కనబడుతోంది. అంటే లోపల ఆరు ఫొటోలు తీసిన రీలుంది.

"మా నాన్న తీసిందిది, తమ్ముడూ. ఆరింట్లో ఒకటి మా అమ్మదట. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఇంట్లో ఇంకో ఫొటో లేదు. వెలుతురు తగలకుండా చీకటిగదిలో జాగ్రత్తగా తీసి కడిగిపెట్టు."

"అది నాకు చెప్పాలా అక్కా!" అన్నాను.

మర్నాడు తెలిసిన ఫొటోగ్రాఫరొకడు వచ్చాడు. అతని ముందు గొప్పలకు పోయాను. "ఈ పనితనం చూడవయ్యా, ఇప్పటివాళ్ల తరమా!" అంటూ లోపల రీలున్న సంగతే మరిచి, పట్టపగలు, వీధివైపు బల్లమీద, వెనక తలుపు టక్కున తెరిచేశాను. రీలు జారి కిందపడి, గుమ్మందాకా దొర్లుతూ విచ్చుకుంది. అయ్యో అనుకునేలోపే అంతా అయిపోయింది. అతను చల్లగా జారుకున్నాడు.

ఆశ చావక కడిగి చూశాను. మొదట్నుంచి చివరిదాకా నల్లగా వచ్చింది.

"ఉన్నదున్నట్టు చెప్పేయండి," అంది మా ఆవిడ. సరేనన్నాను. తీరా సాయంత్రం టీచరమ్మ వచ్చేసరికి నోటికి అబద్ధమే వచ్చింది. "బాగా పాతబడిపోయిందక్కా. ఏమీ రాలేదు."

"తప్పు నాదే," అని ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇన్నేళ్లూ బీరువాలో పెట్టుక్కూర్చున్నాను. ముందే తెచ్చుంటే అమ్మ దక్కేది." తర్వాత కెమెరాను నావైపు జరిపింది. "దీని విలువ తెలిసినవాడివి. నువ్వే ఉంచుకో."

సిగ్గుతో చచ్చిపోయాను. లోపలినుంచి మా ఆవిడ చూస్తోందని తెలుసు, అటు తల తిప్పలేకపోయాను.

"రీలు పాతబడి పోలేదక్కా. నేనే పాడుచేశాను. ఎవడి ముందో గొప్ప చూపించుకోడానికి వెలుతుర్లో తెరిచాను," అన్నాను.

తిడుతుందనుకున్నాను. నాలుగు తిట్టినా బావుండేది. ఆమె బల్లమీదికి వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"తెరిచినప్పుడు నీకు కనిపించిందా తమ్ముడూ? ఎలా ఉంది మా అమ్మ?"

కడగని రీల్లో ఏ ముఖమూ కనబడదని ఆమెకి నేనే చెప్పాల్సివచ్చింది.