పదకొండో పేజీకి సంతకం లేదు

మా హోటల్ వంటామె నర్సక్క కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. కోడి వేపే యంత్రం, మేం ఎవరి బోర్డు పెట్టుకున్నామో ఆ కంపెనీదే. వేరేది కొనకూడదని షరతు. వేడిని ఆపాల్సిన మీట పనిచేయక నూనె పొంగింది. నాగపూర్ నుంచి వచ్చిన కంపెనీ ఆఫీసరు అమిత్ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "మీ ఒక్క షాపులోనే ఇట్లా అయింది మేడం. మీ వంటామె చూసుకోలేదు" అని హిందీలో చెప్పాడు. నేను ఫిర్యాదు పంపాను. జవాబు రాలేదు.

చంద్రపూర్‌లో మా హోటల్ నా పేరు మీద ఉంది. కంపెనీ బోర్డు ఆడవాళ్ల పేరున తీసుకుంటే డిపాజిట్ తక్కువని ఐదేళ్ల కింద మా ఆయన రామకిషన్ నాతో సంతకం పెట్టించాడు. అప్పటినుంచీ యజమానురాలు ఇంట్లో, యజమాని గల్లా దగ్గర. బల్లార్‌పూర్‌లో సావిత్రి, రాజురాలో వైశాలి కూడా అదే కంపెనీ హోటళ్లకు ఇటువంటి యజమానురాళ్లే.

ఐదేళ్ల గడువు తీరింది. రెన్యువల్ కాగితాలు ఇంగ్లీషులో వచ్చాయి. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న మనిషి ఉప్పు ప్యాకెట్ వెనక రాసింది కూడా చదువుతుంది. పదకొండో పేజీలో ఉంది: ఈ రోజు వరకు తెలిసినవీ తెలియనివీ, నావీ నా పనివాళ్లవీ, ఫిర్యాదులన్నీ వదులుకుంటున్నాను, కోర్టుకు పోను.

"కాలింది నర్సక్క చెయ్యి. మాఫీ చేసేతందుకు నేనెవర్ని?" అన్నాను.

"అందరు పెడుతుండ్రు. నువ్వొక్కదానివే చదివినవ్. బోర్డు పోతే ఏం తింటం?" అన్నాడు మా ఆయన.

సావిత్రికి ఫోన్ చేస్తే "మా ఆయన్ని అడగాలె వదినె" అంది. వైశాలి ఎత్తనే లేదు. వారం రోజులు ఇంట్లో నేనూ ఆ పేజీ. రెండుసార్లు పప్పు మాడింది. మా ఆయన మాట్లాడకుండా తిన్నాడు. తిడితే బాగుండేది, ఒక గొంతు వినపడేది.

సంతకాలకు కంపెనీ వాళ్లు బల్లార్‌పూర్‌లో హాలు తీసుకున్నారు. మొగవాళ్లు ముందు వరుసలో, సంతకం పెట్టాల్సిన వాళ్లం వెనక. నర్సక్కను వెంట తీసుకెళ్లాను.

"సార్, పదకొండో పేజీ మాకు తెలుగులో చెప్పుండ్రి" అన్నాను.

"నాకు తెలుగు రాదు మేడం. ఫక్త ఫార్మాలిటీ ఆహే" అన్నాడు అమిత్, ఉత్త లాంఛనమేనని మరాఠీలో.

"అయితే నేనే చెప్త."

చెప్పాను. నర్సక్క కొంగు తొలగించి చెయ్యి చూపించింది. ముందు వరుసలో మొగవాళ్లు గడియారాలు చూసుకున్నారు. మళ్లీ ఒక్కదాన్నే మిగిలానేమో అనుకున్నాను.

సావిత్రి లేచింది. "మా వంటామె జయకు గిట్లనే మెడ కాలింది. మీ ఒక్క షాపులనే అన్నడు ఈ ఆఫీసర్ సారు."

"మాకు గూడ గదే చెప్పిండు" అంది వైశాలి.

మూడు ఊళ్లలో ముగ్గురం, ఎవరి తప్పు వాళ్లదే అనుకుని ఏడాదిగా తలుపులు మూసుకుని కూర్చున్నాం. కంపెనీ అమ్మిన సరుకుల్లో బాగా పనిచేసింది ఆ ఒక్క మాటే.

"కూసోవే, ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు సావిత్రి భర్త.

"సంతకం నాది. నువ్వు కూసో."

ముగ్గురం పదకొండో పేజీ అడ్డంగా కొట్టేసి, మిగతా అన్నిటి మీద సంతకాలు పెట్టాం. అట్లా అయితే రెన్యువల్ లేదన్నాడు అమిత్.

మూడో రోజు మా బోర్డు దింపారు. దింపేవాడు పడిపోతాడేమోనని మా ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు. తర్వాత ఎటో వెళ్లిపోయాడు. ఖాళీ హోటల్లో కంపెనీ మీద వేసే కేసు కాగితం ముందు పెట్టుకుని నేనొక్కదాన్నే కూర్చున్నాను.

సావిత్రి ఫోన్ చేసింది. "మాది గూడ దింపుతుండ్రు వదినె. కేసు కాగితంల నా పేరు ఏడ రాయాలె?"

"నర్సక్క, జయ పేర్ల కింద" అన్నాను.