రికార్డు అట్ట మీద పేరు

మా మొదటి ఆల్బమ్‌లో బేస్ గిటార్ వాయించింది నేనేనని అందరూ అనుకుంటారు. పోనీలే అని ఊరుకుందామంటే మనసొప్పడం లేదు, అందుకే ఇన్నేళ్లకి చెబుతున్నాను.

ఎనభై తొమ్మిదో సంవత్సరం, లాస్ ఏంజెలెస్. నలుగురం నల్లకుర్రాళ్లం. మా నల్లవాళ్ల ఫంక్ దరువు మీద రాక్ గిటార్ల హోరు ఎక్కించి వాయిస్తుంటే క్లబ్బుల్లో జనం చొక్కాలు విప్పి ఎగిరేవారు. రికార్డు కంపెనీవాళ్లు వచ్చి కాగితాలు ముందు పెట్టారు. సంబరంలో చదవకుండానే సంతకాలు గీకేశాం. బ్యాండ్ వదిలినవాడు అయిదేళ్లపాటు ఇంకెక్కడా రికార్డు చేయకూడదని అందులో ఉందట. ఆ ముక్క తర్వాత తెలిసింది.

ఇరవై రోజులు కిటికీ లేని రికార్డింగ్ గది. చెవుల్లో హెడ్‌ఫోన్లు, అందులో తాళం తప్పకుండా టిక్ టిక్ టిక్. నేను నేర్చుకున్నదేమో చర్చిలో. అక్కడ టిక్కులుండవు. పాస్టర్ గారి మాట పడేదాకా ఆగి, అప్పుడు తీగ మీద బొటనవేలు వేస్తాం. ఆ రవ్వంత ఆలస్యానికే జనం లేచి ఊగుతారు. రికార్డింగ్ చేయిస్తున్న మిచ్‌కి మాత్రం అది తప్పు.

"మళ్లీ లేటు, వెండెల్."

"లేటు కాదండీ, అది అలాగే ఉండాలి."

"రాక్ రేడియోవాళ్లు ఇది వింటే నల్లవాళ్ల స్టేషన్‌కి పొమ్మంటారు. ఆ స్టేషన్‌వాళ్లు గిటార్ వినగానే ఆపేస్తారు. మరి ఎవరికోసమయ్యా ఈ పాట?"

మా గాయకుడు డెస్మండ్ వైపు చూశాను. బడి రోజుల నుంచీ స్నేహితుడు. వాడు నేలచూపులు చూస్తూ, "ఒరేయ్, సర్దుకోరా. మా ఆవిడకి నెలలు నిండాయి. నీ ఒక్క బొటనవేలి కోసం అందరం మునగాలా?" అన్నాడు.

"నేను మానేస్తే?"

"మానెయ్! అయిదేళ్లు పెట్రోల్ బంకులో వాయించుకో."

నిజంగానే ప్రయత్నించాను. టిక్కుతో కలిపితే నా చేయి నాది కాకుండా పోయేది. మర్నాడు మధ్యాహ్నం మిచ్ కూలికి వాయించే మనిషిని పిలిపించాడు. తలుపు తోసుకుని వచ్చింది ఎవరనుకున్నారు? మా చర్చిలో బేస్ వాయించే క్లీటస్ మాస్టారు! నా తొమ్మిదో ఏట ఆ బొటనవేలి విద్య నేర్పింది ఆయనే.

"మాస్టారూ, మీరా?"

ఆయన గిటార్ పెట్టె అక్కడే దించేశారు. "ఎవరి బదులో చెప్పలేదురా వీళ్లు. చెప్పుంటేనా..." అని ఆగి, "చెప్పినా వచ్చేవాణ్ణేలే" అన్నారు.

"టిక్కుతో వాయిస్తారా మీరు?"

"ముప్పై ఏళ్లుగా నా పనే అది. ఆదివారం నా ఇష్టం, మిగతా ఆరు రోజులూ వాళ్లిష్టం. ఎన్ని రికార్డుల్లో ఉన్నానో నాకే లెక్కలేదు. ఒక్కదాని మీదా పేరు లేదు."

టేపు మీద నేను వాయించిన చోటే ఆయన వాయిస్తారు. ఆయనది ఎక్కుతుంటే నాది చెరిగిపోతుంది. అద్దం ఇవతల కూర్చుని పది పాటలూ అలా పోవడం చూశాను. రెండే రోజులు పట్టింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. చివర్లో, ఈ సంగతి బయట చెప్పనని మాస్టారు సంతకం పెట్టి వెళ్లిపోయారు.

ఆల్బమ్ బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. అట్ట మీద నా ఫోటో, కింద 'బేస్: వెండెల్'.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, కాలేజీలో చదివే మాస్టారి మనవరాలు ఆ రికార్డు పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. చర్చి జనమంతా చుట్టూ మూగారు.

"మూడో పాటలో మీ బేస్ ఉంది చూశారూ, రోజూ వింటున్నా! తాతయ్యా, నువ్విలా వాయించగలవా?"

"నావల్లెక్కడవుతుందమ్మా?" అన్నారు మాస్టారు నవ్వుతూ.

ఆ పిల్ల అట్ట మీద సంతకం చేయమని కలం నా చేతిలో పెట్టింది. నిజం నోటిదాకా వచ్చేసింది. మాస్టారు నా చెవి దగ్గరికి వంగారు.

"నోరు విప్పావంటే రేపటి నుంచి నన్నెవడూ పనికి పిలవడురా. పెట్టు సంతకం."

పెట్టాను. "పెద్దగా రాయండన్నా, కనబడటం లేదు" అంది ఆ పిల్ల.