పటం మూల పిచ్చుక

తెర మీద కత్తి పట్టిన వీరుడు గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. మ్యాపులక్క వాడిని అలాగే వదిలేసి, పక్కనున్న గళ్ళ కాగితం మీద గోడ మలుపు గీసింది. మళ్ళీ మీట నొక్కి ఎడమవైపు నడిపించింది. అక్కడ రాక్షసుడు కాచుకుని ఉంటాడని ఆమెకు తెలుసు. వాడితో ఆమెకు పనిలేదు. వీరుడు చచ్చేలోపు ఆ గది ఎంత పొడవో కనిపిస్తే చాలు. చచ్చాక మొదటి నుంచి మళ్ళీ నడిపించుకొస్తుంది.

వీడియో గేములు ఎలా ఆడాలో చెప్పే పుస్తకాలు వేసే కంపెనీ అది. ఏ తలుపు వెనక ఏముందో, ఏ వంతెన ఎప్పుడు కూలుతుందో రాసేది గైడు మాస్టారు. ఆ కోటలకు, సొరంగాలకు పటాలు గీసేది మ్యాపులక్క. జుట్టు సగం నెరిసింది. చూపుడువేలి కొన పెన్ను ఒత్తిడికి చదునుగా అణిగిపోయింది. తెర వైపు సాగిన మెడ నడిచేటప్పుడు కూడా వెనక్కి రాదు. ఈ మధ్య ఎడమ భుజం లాగుతోంది. వంగి గీయడం వల్లేననుకుని మందు రాసుకుంటోంది. ఇన్నేళ్ళలో ఒక్క ఆటా ఆమె గెలవలేదు. గెలవాలని ఆడనూ లేదు.

“మా వదినదే అదృష్టం, ఆటలాడుకుంటే జీతమిస్తారు,” అంటుంది తమ్ముడి భార్య, ఇంటికెవరొచ్చినా. వచ్చినవాళ్ళు నవ్వుతారు. మ్యాపులక్క కూడా నవ్వి, లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంటుంది.

మొదటి పుస్తకం అచ్చుకి వెళ్ళేటప్పుడు, పటం కింద తన పేరు వేస్తారా అని యజమానిని అడిగింది.

“మ్యాపులకి పేర్లెందుకమ్మా? జనం చూసుకునేది దారి,” అన్నాడాయన.

ఆ సాయంత్రం పటం మూలలో గోరంత పిచ్చుకను గీసింది. చిన్నప్పుడు సన్నగా, గెంతుతూ తిరిగే ఆమెను అమ్మ ‘పిచ్చుకా’ అనే పిలిచేది. ఆ తర్వాత ప్రతి పటంలోనూ ఒక మూల అది వాలింది. ‘ఆ పిచ్చుక ఆటలో ఎక్కడ దాక్కుంది?’ అని పాఠకులు కంపెనీకి రాసేవారు. జవాబులు మాస్టారే ఇచ్చేవారు. ఏం రాశారో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఎక్కడో ఎవరో తన కోసం కోటంతా గాలిస్తున్నారనుకుంటే ఆ పూట కడుపు నిండినట్టుండేది.

ఇప్పుడు ఆ పుస్తకాలు కొనేవాళ్ళు తగ్గారు. అందరూ ఫోనులోనే చూసుకుంటున్నారు. అందుకే కంపెనీ పాతవన్నీ కలిపి ఒక పెద్ద సంకలనం వేస్తోంది. ఆ పని చూస్తున్న కొత్త ఎడిటరమ్మాయి మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరికొచ్చింది.

“అక్కా, అట్ట మీదకి పిచ్చుక పెద్దదిగా కావాలి. సాయంత్రానికి ఇచ్చేస్తారా?”

“పిచ్చుకెందుకు?”

“మాస్టారి గుర్తు కదా! ముందుమాటలో ఎంత ముచ్చటగా రాశారో చూడండి.”

ఆ పిల్ల ఇచ్చిన కాగితం మ్యాపులక్క చదివింది. ‘ఒకరోజు సరదాకి ఆ పిచ్చుకను పటం మూల కూర్చోబెట్టాను. జీవితమంతా నా వెంటే ఎగురుతూ వచ్చింది.’ మళ్ళీ చదివింది. అక్షరాలు మారలేదు.

మాస్టారు యజమాని గదిలో టీ తాగుతున్నారు.

“మాస్టారూ, ఆ పిచ్చుకను వేసింది నేను కదండీ.”

ఆయన కప్పు దించి చూశారు. ఆ ముఖంలో కపటం లేదు. నిజంగానే మర్చిపోయారు. అదే ఆమె గుండెను కోసింది.

“గీసింది నువ్వే, కాదన్నానా? ఆలోచన నాదే అనుకుంటా. ఏమోనమ్మా, అన్నీ కలిసేగా చేశాం.”

“కలిసి కాదండీ. అది... అది నేను.”

“ఇప్పుడెందుకమ్మా ఈ రచ్చ? ముందుమాట అచ్చయిపోయింది,” అన్నాడు యజమాని, గడియారం వైపు చూస్తూ.

ఆమె గొడుగు తీసుకుని మెట్లు దిగి వానలోకి వెళ్ళింది. వీధి చివరిదాకా నడిచింది. అటు తర్వాత ఎటు వెళ్ళాలో తోచక వెనక్కి వచ్చి బల్ల ముందు కూర్చుంది. పిచ్చుక ముక్కు వంకరగా గీద్దామనుకుంది. రెక్కలు మొద్దుగా వేద్దామనుకుంది. చెయ్యి వినలేదు. ముక్కు తనంతట తనే తిన్నగా కుదిరింది. తల కాస్త పక్కకు వాల్చి, గెంతబోతున్నట్టు పిచ్చుక కాగితం మీద నిలబడింది. ‘చెడగొట్టడం కూడా చేతకాలేదు,’ అనుకుందామె. భుజంలోని నొప్పి మోచేతి దాకా జారింది. తల బల్ల మీద ఆనించింది.

“అక్కా, అయిందా?” అంటూ ఎడిటరమ్మాయి వచ్చింది. పాపం, కునుకు పట్టిందనుకుంది. ఆ చేతి కింది నుంచి కాగితాన్ని మెల్లగా లాగి వెలుతురులో పట్టి చూసింది. “అబ్బ, ప్రాణం ఉట్టిపడుతోంది!” అని మురిసిపోతూ పట్టుకుపోయింది.

గదులు ఊడ్చే ఆమె తాళం వేద్దామని భుజం తట్టి లేపబోయినప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు.

తమ్ముడు వచ్చాడు. అతని భార్య గోడకానుకుని నిజంగానే ఏడ్చింది. “మంచి పనిమంతురాలు,” అన్నారు మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. అట్ట బొమ్మ అనుకున్న రోజుకే అచ్చుకి వెళ్ళింది.

వానలోంచి వచ్చి ఆమె ఆరబెట్టిన గొడుగు మాత్రం వరండాలో తెరిచే ఉండిపోయింది. ఒక ఊచ వంగిన నల్ల గొడుగు. ఎవరిదని ఎవరూ అడగలేదు. దారికి అడ్డమని ఎవరో కాలితో గోడవారకు నెట్టారు. గాలి వీచినప్పుడల్లా అది సగం తిరిగి ఆగిపోతోంది.