రెండు వేళ్ల వాటం

రెండు వేళ్ల వాటం చాలు, అంతకంటే అక్కర్లేదు, కంటికి ఆనదు కూడా, గేటు నుంచి వరండా దాకా ఉన్న ఈ కంకర బాటని ఇంటివైపు రెండు వేళ్లు వంచితే తొలకరి మొదటి జల్లుకే నీళ్లన్నీ వరండా ఎక్కి పక్కనున్న మిరప బస్తాల గదిలోకి పోతాయి, అప్పుడు ఏడవాలి ఈ ఇంటి యజమాని సాంబయ్య గారు, నెత్తి బాదుకుని ఏడవాలి, అనుకుంటూ బుడాన్ పార దించాడు, కంకర గరగరమంది, పదకొండేళ్లుగా ఏటా వానలకి ముందు వింటున్న చప్పుడే, జీపు చక్రాలు పక్కలకి నెట్టిన రాళ్లని నడిమికి లాగడం, గుంటల్లో ఎర్రమట్టి పోసి తడిపి దిమ్మిసతో కొట్టడం, నడుమ మిట్టగా, పక్కలు పల్లంగా, అలా ఉంటేనే నీళ్లు నిలవవు, ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికి తెలుసు, ఈసారి తెలుస్తుంది.

నిరుడూ ఇదే బాట, ఇదే దిమ్మిస, కొత్త కంకర పోసి రెండు రోజులన్నా కాలేదు, అకాల వాన, పెరటి పాకలో మిరప తొడిమలు తీస్తున్న మాబూబీ, పదిహేనేళ్లు తనతో కాపురం చేసిన మనిషి, ఘాటుకి ఊపిరాడక కళ్లు తేలేస్తుంటే, అయ్యా, జీపు తీయించండయ్యా, సత్తెనపల్లి ఆస్పత్రికి, అని కాళ్ల మీద పడ్డాడు తను, ఆయన కుర్చీలోంచి లేవనన్నా లేవలేదు, ఒరేయ్ బుడానూ, తడి కంకర మీద జీపు తీస్తే చాళ్లు పడవూ, రేపు చుట్టాలొస్తున్నారు, ఎడ్లబండి కట్టుకుపోరా, అన్నాడు, ఎడ్లబండి, ఎనిమిది మైళ్లు, తన ఒళ్లో మాబూబీ తల నాలుగో మైలు దగ్గరే వాలిపోయింది, మనిషి పోయినా ఫరవాలేదు, రాళ్లు కదలకూడదట, అవీ తన చేత్తో పరిచిన రాళ్లే.

ఏరా, అయిందా, అని వరండాలోంచి కేక, అయిపోవచ్చిందయ్యా, అంది నోరు, నోటికేం, అది ఎప్పుడూ అయ్యా అనే అంటుంది, చూస్తావుగా, అనుకుంటూ వాటం చూడడానికి చెంబుడు నీళ్లు బాట నడిమిన పోశాడు, నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు, నీళ్లు ఒక్క క్షణం ఆగి, రెండుగా చీలి, ఇంటి జోలికే పోకుండా బుద్ధిగా పక్క కాలవల్లోకి దిగాయి, ఇంకో చెంబు పోశాడు, మళ్లీ అంతే, పొద్దుటి నుంచి మనసు పగతో రగులుతుంటే ఈ పాడు చేతులు అలవాటైన పని చేసుకుపోయాయి, ఛీ, వీటిని నరుక్కోవాలి, మిట్టని చెక్కేద్దామని పార ఎత్తాడు, ఎత్తిన పార అలాగే ఆగిపోయింది.

ఎందుకు చెక్కడం, గుంట పడితే పూడ్చిందెవరు, కాలవల్లో పూడిక తీసిందెవరు, ఒక వానకి రాళ్లు జారతాయి, రెండో వానకి గుంటలు పడతాయి, మూడో వాన గడప దాటుతుంది, ఇన్నేళ్లూ ఆ గది తడవకుండా కాసింది కంకర కాదు, ఈ చేతులు, ఇవి రాకపోతే చాలు, బుడాన్ పార అక్కడే పడేసి బాట నడిమిగా గేటువైపు నడిచాడు, దిమ్మిస కొట్టకుండా ఎక్కడికిరా, అని వెనక కేక వినపడుతూనే ఉంది, నోరు ఈసారి అయ్యా అనలేదు, తను చేయాల్సిందేమీ లేదు, ఇక వాన పని వాన చూసుకుంటుంది.