దారపు రీలు

పెద్ద మెకానిక్ లిఫ్ట్ గుంతలోంచి పైకొచ్చేసరికి మోచేతుల దాకా గ్రీజు. వరండాలో చిన్న మెకానిక్, చొక్కా ఇస్త్రీ నలగకుండా స్టూలు మీద కూర్చుని, ఆ అపార్ట్‌మెంటు ముసలావిడకు తన రీలు చూపిస్తున్నాడు. ఖాళీ దారపు రీలు మీదుగా ఒక దారం, ఒక కొసకు అగ్గిపెట్టె, ఇంకో కొసకు కోటు బొత్తాం.

"ఈ పెట్టెలో మీరున్నారమ్మా. బొత్తాం మీకు ఎదురు బరువు, అది దిగితే మీరు ఎక్కుతారు. వేగం మీరితే పెట్టె కిందుండే ఇనుప దవడలు పక్కనున్న పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి. పొద్దున ఆగింది అందుకే."

అదే సంగతి పెద్దాయన ముందే చెప్పాడు. "ఓవర్‌స్పీడ్ గవర్నర్ పనిచేసి సేఫ్టీ గేర్ లాకయింది" అనగానే ఆవిడ మొహం పాలిపోయి మెట్లవైపు నడిచింది. ఇప్పుడేమో నవ్వుతూ లిఫ్ట్ ఎక్కింది. చిన్నవాడు అపార్ట్‌మెంటు మేనేజరుకు ఫోన్ చేసి, ఆయనకు కావలసిన తీరుగా, "కొత్త సామాను కొనక్కర్లేదు సార్" అన్నాడు.

పెద్దాయన స్పానర్‌ను సంచిలోకి విసిరాడు. విప్పింది తను, బిగించింది తను, పేరు మాత్రం వాడికి.

ఇంట్లోనూ ఇదే మంట. మోకాళ్ల నొప్పులున్నా భార్య మెట్లే ఎక్కుతుంది, లిఫ్ట్ తెగిపడుతుందని భయం. "మీ చిన్న మెకానిక్‌ని ఒకసారి తీసుకురండి, బాగా చెబుతాడట" అన్నప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పేవాడు. తన కొంపలో కూడా వాడే గెలవాలా?

ఆ సాయంత్రమే చిన్నవాడు బదిలీ మీద వేరే ఊరు వెళ్లిపోయాడు. "వెళ్లొస్తానన్నా" అంటే, పెద్దాయన స్పానర్ తుడుచుకుంటూ తలెత్తకుండా "మంచిది" అన్నాడు. తర్వాత చూసుకుంటే తన పనిముట్ల సంచిలో ఆ రీలు ఉంది.

ఇంటికొచ్చేసరికి భార్య కింద మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతోంది. అతను సంచిలోంచి రీలు తీశాడు.

"ఇది మీ చిన్న మెకానిక్‌దే కదూ, దీంతోనే చెబుతాడట?" అంది. "మీకు చెప్పకుండా నేనే ఫోన్ చేసి రమ్మన్నా. రానన్నాడు. అన్న చెప్పాల్సింది నేను చెబితే బాగోదు వదినా అన్నాడు."

వెళుతూ కూడా పైచేయి వాడిదే. పెద్దాయనకు ఏడుపొచ్చినంత పనైంది. రీలును మెట్ల కమ్మీకి కట్టాడు. గవర్నర్ అనబోయి ఆగి, "తెగినా పెట్టె కింది దవడలు పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి, పడనివ్వవు" అన్నాడు.

"ఈ పెట్టె నువ్వు."

"మరి బొత్తామో?"

"నేను. నువ్వు పైకెక్కాలంటే నేను కిందికి దిగాలి. ఇన్నాళ్లూ దిగలేదు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. చెయ్యి చాపితే పట్టుకుని లేపాడు. ఇద్దరూ ఎక్కాక లిఫ్ట్ తలుపు మూసుకుంది. కమ్మీకి కట్టిన రీలు కింద బొత్తాం కాసేపు ఊగుతూనే ఉంది.