రేకు తీసే చెయ్యి

“ఓ మాత్రేసుకుని కుండ ముందు కూచో, అదే పోద్ది” అనేది అత్తగారు. నడుం పట్టేసినా, పొగకి తల పగిలిపోతున్నా అదే మాట. నాగదుర్గ వేసుకునేది. మోకాళ్ళకి అత్తగారిచ్చింది, తలనొప్పికి భర్త అప్పాజీ తెచ్చింది, జలుబుకి పక్కింటివాళ్ళది. ఆత్రేయపురంలో పెళ్ళిళ్ళ సీజనులో పూతరేకుల ఆర్డర్లు ఆగవు. కాలుతున్న కుండ మీద పిండిగుడ్డ లాగి రేకు తీసే చెయ్యీ ఆగకూడదు. వారం తిరిగేసరికి కడుపులో తిప్పడం మొదలైంది. విశేషమేమోనని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు, పని మాత్రం మాన్పించలేదు లెండి.

వాంతులు తగ్గక చివరికి తీసుకెళ్ళిన రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరు ఆ మాత్రల అట్టలన్నీ మంచం మీద పరిచాడు. “పేర్లే వేరమ్మా, మందొకటే. మోతాదు మించిపోయి లివర్ దెబ్బతింటోంది. విరుగుడు తాగిస్తాం, అది కడుపులో నిలబడాలి.”

ఆ విరుగుడుది కుళ్ళిన కోడిగుడ్డు కంపు. మొదటి గ్లాసు తాగినంతసేపు పట్టలేదు, బయటికొచ్చేసింది.

“గంటలోపు కక్కేస్తే మళ్ళీ తాగాల్సిందేనండి” అంది నర్సు ఆశాజ్యోతి. వాంతి ఆగడానికి ఇంజెక్షను చేసి, మందుని చల్లటి పళ్ళరసంలో కలిపి, మూత పెట్టి స్ట్రా గుచ్చింది. “వాసన చూడకుండా కొంచెం కొంచెంగా తాగండి. తర్వాత గంటసేపు కదలకూడదు.”

గంటసేపు కదలకుండా కూర్చోవడం! పెళ్ళయ్యాక అలా ఎప్పుడు కూర్చుందో నాగదుర్గకి గుర్తు రాలేదు. గ్లాసు ఖాళీ చేసి దిండుకి చేరగిలబడింది.

అప్పుడు లేచింది కుడిచెయ్యి. ఆమె లేపలేదు. లేని పిండిలో లేని గుడ్డ ముంచి, పక్కనున్న ఇంకో దిండు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి లాగింది. అంచు పట్టుకుని రేకు ఊడదీసి పక్కన పెట్టింది. మళ్ళీ ముంచింది. ఆగమంది నాగదుర్గ. ఆగలేదు. దుప్పటి మీద తెల్లటి రేకుల దొంతర పెరుగుతున్నట్టే ఉంది, ఫ్యాను గాలికి వణుకుతోంది కూడా. చెయ్యి ఊగినప్పుడల్లా మందు గొంతుదాకా వస్తోంది. భయమేసింది ఆమెకి, చచ్చేంత భయం.

బల్ల మీద కూర్చున్న అత్తగారి మొహం విప్పారింది. “చూశావా అబ్బాయ్, మంచం మీదున్నా పని మర్చిపోలేదు! పంపించెయ్యగానే కుండ పెట్టేద్దాం.”

అప్పాజీ ఫోను లోంచి తలెత్తి నవ్వాడు.

నాగదుర్గ ఎడమచేత్తో ఆ చేతిని ఒడిసిపట్టి ఒళ్ళో అదిమింది. గొంతులోకొచ్చిన మందుని లోపలికి మింగింది.

“ఈ చెయ్యి కావాలంటే తీసుకెళ్ళండి అత్తయ్యగారూ. నేను మాత్రం రాను.”

ఆ మాట విని చెయ్యి ఆగింది.